నారాయణప్పకు వాసన తెలియదు

ధర్మవరంలో కుళ్ళాయమ్మ ఇల్లు ఎక్కడని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఆ వీధిలో చెయ్యి చూపించేవాళ్ళు కాదు. "గొంతు వినపడతాండాది చూడు, ఆడికి పో" అనేవాళ్ళు. మగ్గం చప్పుడును దాటుకుని వినపడేది ఆమె గొంతు. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు ఎందుకు అలిగింది, ఏ అంగడివాడు ఏ రంగు పట్టుకు వంక పెట్టాడు, అన్నీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే చెప్పేది. మధ్యలో పాటలు కూడా. పక్కింటి రామక్క పని లేకపోయినా వచ్చి గడప మీద కూర్చునేది ఆ మాటల కోసమే. అలాంటి మనిషి నోరు మూసుకుంది. ఇంట్లో చావు కాలేదు, మొగుడు చెయ్యి చేసుకోలేదు. నోట్లోంచి వాసన వస్తుందని మూసుకుంది.

ఇంత దానికేనా అని నవ్వకండి. మీకు రాలేదు కాబట్టి నవ్వొస్తుంది. కాలు విరిగితే నలుగురూ వచ్చి పలకరిస్తారు, బత్తాయిలు తెస్తారు. నోరు కంపు కొడితే ఎవరూ ఏమీ అనరు. మెల్లగా పక్కకు జరుగుతారు, అంతే. ఆ జరగడమే మనిషిని చంపేస్తుంది.

కుళ్ళాయమ్మకు అది తెలిసింది ఒక పెళ్ళిలో. పసుపు దంచుతూ పాట అందుకుంది. ఎదురుగా రోకలి పట్టుకున్నామె తల పక్కకు తిప్పింది. దుమ్ము పడిందేమో అనుకుంది కుళ్ళాయమ్మ. రెండో చరణానికి ఆమె కొంగు ముక్కు దగ్గరికి పోయింది. మూడో చరణం కుళ్ళాయమ్మ పాడలేదు. ఇంటికొచ్చి అరచేతిలోకి ఊదుకుని చూసుకుంది. ఏమీ తెలియలేదు. ఎవరి నోటి వాసన వాళ్ళ ముక్కుకు ఆనదు కదా. ఈ జబ్బులో ఉన్న అన్యాయమల్లా అదే. కానీ అప్పటినుంచి వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్కొక్కటే అర్థమైంది. ఒకప్పుడు మొహంలో మొహం పెట్టి ముచ్చట్లు చెప్పే రామక్క ఎప్పటినుంచో గడప దగ్గరికే రావడం లేదు. హిందూపురం నుంచి కూతురు గీతాంజలి వచ్చినప్పుడు తల దువ్వమని వీపు చూపించి కూర్చుంటుందే తప్ప ఎదురుగా కూర్చోవడం లేదు. తల కొట్టేసినట్టయింది కుళ్ళాయమ్మకు.

అప్పటినుంచి ఎవరైనా ఎదురొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, ఊఁ అంటే ఊఁ, ఆఁ అంటే ఆఁ. "ఏమైంది కుళ్ళాయమ్మకు, పొగరు పట్టిందా?" అని వీధిలో అనుకున్నారు. అనుకోనీ. కంపు అనేదానికన్నా పొగరు అనేదే మేలు.

మిగిలింది ఒకే ఒక్క మనిషి, ఆమె మొగుడు నారాయణప్ప. ఆయనతో మాత్రం అడ్డం పెట్టుకోకుండా మాట్లాడేది, ఎందుకంటే ఆయనకు వాసన తెలియదు. కరోనా జ్వరం వచ్చినప్పుడు పోయిన వాసన ఆయనకు మళ్ళీ రాలేదు. పాలు పొంగి మాడినా, పక్కింట్లో ఎండుచేపలు వేయించినా ఆయనకు ఒకటే. "నాకు ముక్కు ఉండాదంటే ఉండాది, కండ్లద్దాలు పెట్టుకునేదానికి" అని నవ్వేవాడు. కుళ్ళాయమ్మ పైకి అయ్యో అనేది కానీ, లోపల మాత్రం దేవుడు ఈ ఒక్క మేలు చేశాడు అనుకునేది.

అది ఆమెకు ఎంత పెద్ద మేలో మగ్గం తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. వీళ్ళు నేసేది పెద్దంచు పట్టుచీరలు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు చీర ఒళ్ళు నేస్తుంటే, పక్కన కూర్చున్నవాళ్ళు అంచు పోగు చుట్టిన నాడె తోసి అందించాలి. భుజానికి భుజం ఆనించుకుని ఒకే బల్ల మీద కూర్చోవాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అంతే. అంత దగ్గర్లో మూతి బిగించుకుని కూర్చోవాల్సి వస్తే ఆమెకు పిచ్చెక్కిపోయేది. ఊరందరి దగ్గరా మింగుకున్న మాటల్ని అక్కడ ఆయన చెవిలో పోసేది. ఆయన నాడె విసురుతూ వినేవాడు. ఆ గుంతలో కూర్చున్నంతసేపే ఆమె బతికినట్టుండేది.

ఇంతకూ జబ్బు మొదలైంది చిగుళ్ళలో. పళ్ళు తోముకుంటే నెత్తురు వచ్చేది. జరీ కొసలు మిగిలినప్పుడు కత్తెర కోసం వెతుక్కోకుండా పంటితో కొరికే అలవాటు ఆమెకు. ఒకరోజు అలా కొరికి వదిలేసరికి మీగడ రంగు చీర మీద ఎర్రగా చుక్క కనపడింది. ఇద్దరూ కూర్చుని తడి గుడ్డతో అద్ది అద్ది ఆ చుక్క పోయేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారు. ఆ రోజు నుంచి నెత్తురు వచ్చే చోట బ్రష్ పెట్టడం మానేసింది. ఆమె లెక్క ఆమెది. నలిగిన పోగును కదిపితే తెగుతుంది, దాని జోలికి పోకుండా మెల్లగా నేసుకుంటూ పోతే నిలబడుతుంది. పుట్టినప్పటినుంచి పోగులతో బతికిన మనిషి, చిగురును కూడా పోగే అనుకుంది. వేలికి పళ్ళపొడి అద్దుకుని పైపైన రుద్దేది. నెత్తురు తగ్గినట్టే కనిపించింది. లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

మందుల అంగడిలో అడిగితే ఆ పిల్లోడు, "నోట్లో కాదత్తా, కడుపులో ఉంటాది అది. గ్యాస్" అని పొద్దున పరగడుపున వేసుకునే మాత్రలు ఇచ్చాడు. వేసుకుంది. లవంగాలు నమిలింది, సోంపు నమిలింది. కడుపు మాడిస్తే శుద్ధి అవుతుందని ఎవరో అంటే శనివారాలు ఒక్కపొద్దులు ఉంది. నోరెండిపోయి వాసన ఇంకా ముదిరింది, ఆ సంగతి ఆమెకు తెలియదు పాపం. విసుగొచ్చేసింది ఆమెకు. ఒంట్లో నొప్పి ఉంటే మూలుగుతాం. దీనికి ఏమని మూలగాలి?

చివరికి కింది పన్ను ఒకటి ఊగడం మొదలుపెట్టి, గడ్డం వాచింది. గీతాంజలి ఫోన్లోనే అరిచింది. "ఇంగ లాభం లేదు మా. ఈడ పండ్ల డాక్టరమ్మ ఉండాది, మంచిది. నాయనను తోడు తీసుకోని రేపే రా" అంది. వద్దంటే ఊరుకునే పిల్ల కాదు.

పాసింజరు రైలులో కిటికీ పక్కన కూర్చుంది కుళ్ళాయమ్మ. ఎదురుగా పూలబుట్టతో ఒకామె కూర్చుని, యాడికి పోతాండారక్కా అని మంచిగా పలకరించింది. మరిచిపోయి కొంగు తీసి, హిందూపురం అంది కుళ్ళాయమ్మ. ఒక్క మాటే. పెనుకొండలో రైలు ఆగగానే ఆమె బుట్ట ఎత్తుకుని దిగిపోతుందేమో అనుకుంటే, దిగలేదు. వెనక పెట్టెలో సీటు ఖాళీ అయిందని అటు పోయింది. అంత మల్లెపూల వాసనలో కూడా నాదే పైకొచ్చిందా అనుకుంది కుళ్ళాయమ్మ. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. నారాయణప్ప కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టర్ మాధవీలత చిన్న వయసు మనిషి. మాస్కు పైన కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. కుర్చీలో పడుకోబెట్టి, సన్నటి కడ్డీతో ఒక్కో పంటి పక్కన చిగురు లోపలికి దించి చూస్తూ పోయింది. కడ్డీ దించిన చోటల్లా నెత్తురే. నారాయణప్ప పక్కన స్టూలు మీద టవలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నోరు వాసన ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగింది డాక్టరు.

"రెండు మూడేండ్లు అయింటాది" అంది కుళ్ళాయమ్మ, పైకప్పు వైపు చూస్తూ.

"యాడిది! అంతకన్నా ముందే" అన్నాడు నారాయణప్ప. డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాలన్న భయభక్తుల్లో ఉన్నాడు ఆయన. "మా పాప పెండ్లికి ముందరనుంచే ఉండాది మేడం. పొద్దున లేస్తానే బో ఎక్కువ. అన్నం తిన్న్యాక రవ్వంత తగ్గుతాది, మళ్ళా సాయంత్రానికి మొదులు. ఒక్కపొద్దు ఉన్న్యప్పుడైతే..."

అక్కడ ఆగిపోయాడు.

కుర్చీలో కుళ్ళాయమ్మ తల తిప్పింది. నోట్లో మళ్ళీ డాక్టరు వేలు ఉంది. మాట్లాడటానికి లేదు. మొగుడి మొహం వైపు అలా చూస్తూ ఉండిపోయింది. నారాయణప్ప టవలుతో మెడ తుడుచుకున్నాడు. చెమట ఏమీ లేదు అక్కడ. తోడు వచ్చిన గీతాంజలి గోడ మీద పళ్ళ బొమ్మను చదువుతున్నట్టు నిలబడింది.

డాక్టరుకు ఇవేమీ తెలియదు. తన ధోరణిలో తను చెప్పుకుంటూ పోయింది. వాసన కడుపులోంచి కాదు, చిగుళ్ళ కింద పేరుకున్న గార లోంచి. పంటికీ చిగురుకూ మధ్య సందులు పడ్డాయి, అక్కడ చేరిన క్రిములదే ఈ వాసనంతా, నాలుక వెనక భాగం మీద కూడా ఉంటాయి. నెత్తురు వస్తుందని బ్రష్ పెట్టకుండా వదిలేసిన చోటే అన్నిటికన్నా ఎక్కువగా పాడయింది. "నెత్తురు వస్తే అక్కడ ఇంకా శుభ్రంగా తోమాలమ్మా, మానెయ్యకూడదు. మెత్తటి బ్రష్‌తో, మెల్లగా" అంది. ఎక్స్‌రే తెర మీద చూపించింది. పంటి కింద ఎముక అరిగిపోయింది. కింద ముందు పళ్ళు రెండు నిలవవు, తీసెయ్యాలి. మిగతావి కాపాడుకోవచ్చు. "ఇదే నాలుగైదేళ్ళ ముందు వచ్చుంటే ఆ రెండూ ఉండేవి" అని మామూలుగా అనేసి గ్లౌజులు తీసింది.

తిరుగు రైల్లో నారాయణప్ప ఒక్కడే మాట్లాడాడు. అదీ ఎంతోసేపు గొంతు సవరించుకున్నాక.

"వాసన పోయిండేది నిజమేమే. ఒట్టు. కరోనాలో పోయింది, దినాలు గడిచేకొద్దీ మళ్ళా వచ్చె. వచ్చిందని నీకు చెప్పబోతి. అప్పుడే నువ్వు ఆ పెండ్లి నుంచి వచ్చి, మూలకు కూచోని ఏడిస్తివి. 'నీకు తెలీదు కాబట్టి సరిపాయె, లేకుంటే నీ పక్కన కూడా కూచోలేను' అంటివి. ఇంగెట్ల చెప్పేది? చెప్తే నువ్వు మగ్గం దిగి పోతావు. మాట్లాడేది మాన్తావు. అందుకని..."

ఆమె కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆయన పక్కన అలా అడ్డం పెట్టుకోవడం అదే మొదలు.

ఆమెకు కోపం ఒకటే అయితే బాగుండు. తిట్టి పోసి చల్లబడేది. ఆ కోపం కింద సిగ్గు, ఆ సిగ్గు కింద జాలి, దేన్నీ విడదీయడానికి రాలేదు. ఇన్నాళ్ళూ ఈయన ముక్కు బిగబట్టుకుని నా ముచ్చట్లు విన్నాడా? నేను నవ్వినప్పుడల్లా ఆ మొహం మీద కొట్టిందా? పాలు మాడినప్పుడు కూడా తెలియనట్టు నటించాడే ఈ మహానుభావుడు! అంత ప్రేమ ఉన్నవాడు ఒక్క మాట చెప్పి డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయి ఉంటే నా పళ్ళు నాకుండేవి కదా. ఇదేం ప్రేమ? ఎవరిక్కావాలి?

ఆ రెండు పళ్ళూ తీసేశారు. తర్వాత చిగుళ్ళ కింద గీకి శుభ్రం చేయడం. సూది వేసి, నోరు ఒక్కో పక్క ఒక్కోసారి. మొద్దుబారిన పెదవితో, ఉమ్మి ఎటు కారుతోందో తెలియని మొహంతో రైలెక్కి రావడం. ఇంటికొస్తే బ్రష్ పట్టుకుని అద్దం ముందు నిలబడటం, సందుల్లో దూర్చే బుల్లి బ్రష్ ఇంకొకటి, నాలుక గీరుకోవడం, డాక్టరు చెప్పినన్నాళ్ళూ ఏదో చేదు మందుతో పుక్కిలించడం. మొదట్లో వాష్‌బేసినంతా ఎర్రగా అయ్యేది. చెయ్యి వెనక్కి లాగేసేది. నలిగినచోట చెయ్యి పెట్టొద్దని ఒళ్ళంతా చెప్తుంటే, ఊపిరి బిగబట్టి పెట్టేది. పోనుపోను ఎరుపు తగ్గింది. గులాబీ రంగు నీళ్ళు, తర్వాత ఉత్త నీళ్ళు. అయినా సంతోషం రాలేదు. "ఇది ఒకసారితో పోయే జబ్బు కాదమ్మా, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి, బతికినంత కాలం" అంది డాక్టరు. సరేలే, బతికినంత కాలం చేయాల్సిన వాటిలో ఇదొకటి అనుకుంది.

మగ్గం మాత్రం నడుస్తూనే ఉంది. ఆగితే ఎట్లా? పక్కపక్కనే, భుజానికి భుజం. ఆమె అంచు నాడె తోసేది, ఆయన అందుకునేవాడు. కొంగు మూతికి చుట్టుకుని వెనక ముడేసుకుని కూర్చునేది. మగ్గం చప్పుడు తప్ప గుంతలో ఇంకో చప్పుడు లేదు. నారాయణప్పకు ఆ చీర నేసినంత కష్టం జన్మలో ఏ చీరా నేసినప్పుడు కాలేదు. ఒకరోజు ఆయనే ఏదో పాట ఎత్తుకోబోయి, ఆమె మూతికి చుట్టిన కొంగు చూసి మానేశాడు.

మూడు నెలలకు మళ్ళీ హిందూపురం పోయినప్పుడు డాక్టరు చూసి, "వాసన పోయిందమ్మా, చిగుళ్ళు గట్టిపడ్డాయి" అంది. "ఏమీ లేదు మా, నిజంగా" అంది గీతాంజలి, దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి. కుళ్ళాయమ్మ తలూపింది. నమ్మలేదు. డాక్టరు మంచి మాట చెప్పక ఏం చెప్తుంది? కూతురు ఇంకేమంటుంది? కట్టుకున్నవాడే ఏళ్ళ తరబడి మొహం మీద అబద్ధం ఆడితే ఇక ఎవరి మాట నమ్మాలి? తన ముక్కు తనకు చెప్పదు. మూతికి మళ్ళీ కొంగు కట్టుకునే ధర్మవరం తిరిగొచ్చింది.

మరుసటి పొద్దున నారాయణప్ప మగ్గం దగ్గర తెగిన పోగు అతుకుతుంటే ఆమె వచ్చి కూర్చుంది. ఇంకా కాఫీ తాగలేదు, పళ్ళు తోముకోలేదు. కొంగు విప్పింది. ఆయన మొహానికి ఇంత దగ్గరగా మొహం పెట్టింది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పేది మే?"

"వాసన ఉండాదా లేదా చెప్పు. ఈసారి అబద్ధం ఆడితివంటే ఈ మగ్గం దిగి పోతా, మళ్ళా ఎక్కను. నీ పక్కన ఎవుర్నన్నా కూలికి పెట్టుకో."

నారాయణప్ప చేతిలో పోగు అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళలో భయం స్పష్టంగా కనిపించింది ఆమెకు. లేదు అనే మాట పెదవి దాకా వచ్చి ఉంటుంది. అదే అలవాటైన మాట, అదే సుఖమైన మాట. ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు, ముక్కుతోనే, మెల్లగా.

"రవ్వంత ఉండాది" అన్నాడు. "ముందటి మాదిరి కాదు. నిద్ర లేస్తానే ఎవురికైనా ఉంటాదే, అంత. నిన్న మద్యాన్నం డాక్టరమ్మ దగ్గర చూస్తి, అప్పుడు లేదు."

అని తల దించుకున్నాడు, దెబ్బ పడుతుందన్నట్టు.

కుళ్ళాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు లేదన్నప్పుడు రాని నెమ్మది, కూతురు లేదన్నప్పుడు రాని నెమ్మది, ఈయన ఉందన్నప్పుడు వచ్చింది. ఉన్నప్పుడు ఉందని చెప్పేవాడు, లేనప్పుడు లేదంటే నమ్మొచ్చు. అలసిపోయిన మనిషి గోడకు చేరబడినట్టు ఆయన భుజానికి ఆనుకుంది.

"ఇంతకాలం ఈ మాట చెప్పేకి నీకు ఏం రోగమయ్యా?" అని మొదలుపెట్టింది. "పాలు మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంటే దున్నపోతు మాదిరి కూచోని ఉంటివే, అప్పుడన్నా నోరు తెరిస్తే ఏం పాయె? నీ నాటకం తగలెయ్య! నా పండ్లు ఎవురు తెచ్చిస్తారు ఇప్పుడు, మీ నాయనా?"

నారాయణప్ప నాడె అందుకున్నాడు. ఆమె తిడుతూనే ఉంది. ముందు పళ్ళు లేని సందులోంచి గాలి పోయి మాట అక్కడక్కడా జారుతోంది. అయినా ఆపలేదు. ఆయన తప్పులన్నీ పెళ్ళినాటి నుంచి వరసబెట్టి ఎత్తుకుంది. పక్కింట్లో బియ్యం చెరుగుతున్న రామక్క చేట కింద పెట్టి, వచ్చి గడప మీద కూర్చుంది.

"మొగుడూ పెండ్లాల మాటలు నీకేంటికి మే?" అని ఆమెనూ కసిరింది కుళ్ళాయమ్మ. రామక్క కదల్లేదు. నారాయణప్ప తల వంచుకుని, వింటూ నేశాడు.